దుమ్ము మానేసినా ఊపిరితిత్తి ఎందుకు గట్టిపడుతూ పోయింది: ఒక గ్రానైట్ కార్మికుడి కేస్

తెలంగాణలో ఛాతీ డాక్టర్లకు సిలికోసిస్, అంటే రాతి దుమ్ము చేరి ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు, కొత్త కాదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, వరంగల్, ఖమ్మం వైపు కటింగ్, పాలిషింగ్ యూనిట్లు, ఊరి చివర కంకర మిషన్లు ఉన్నాయి. వీటిలో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు ఆయాసంతో మా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఎక్కువమందికి మేం చెప్పేది ఒకటే: దుమ్ము మానెయ్యండి, టీబీ రాకుండా చూసుకోండి, మూడు నెలలకోసారి వచ్చి ఊపిరి పరీక్ష చేయించుకోండి. ఈ పేషెంటుకూ అదే చెప్పాను. ఎనిమిది నెలల పాటు అదే చెబుతూ ఉండిపోయాను. ఆ ఎనిమిది నెలల్లో నేను ఏం చూడలేదో, చూశాక ఒక్కో నిర్ణయం ఎలా తీసుకున్నానో రాస్తున్నాను.

పేషెంటు, ఆయన భార్య ఒప్పుకున్నాకే ఇది రాశాను. ఊరు, కుటుంబం, పనిచేసిన చోటు తెలిసిపోయే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

ఆయనకు నలభై దాటింది. ఇరవై నిండకముందే క్వారీలో డ్రిల్లింగ్ పనికి వెళ్లారు. పెళ్లయ్యాక ఎండ తప్పుతుందని గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు మారారు. నీడ దొరికింది, కానీ రేకుల షెడ్డు కింద దుమ్ము ఇంకా ఎక్కువైంది. పెద్ద బ్లేడ్ల మీద నీళ్లు పడుతుంటే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది. అంచులు సరిచేసే చేతి గ్రైండర్ దగ్గర మాత్రం అంతా పొడిపనే. ఈయన ఎక్కువ ఏళ్లు ఆ గ్రైండర్ దగ్గరే ఉన్నారు. ముఖానికి దస్తీ కట్టుకునేవారు.

గ్రానైట్‌లో సిలికా క్వార్ట్జ్ రూపంలో బాగా ఉంటుంది. బట్టల మీద తెల్లగా కనిపించే పొడి చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి కనిపించని సన్నపొడే గాలిగదుల దాకా పోతుంది. దాన్ని దస్తీ ఆపలేదు.

నా దగ్గరికి రావడానికి మూడేళ్ల ముందు దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో రెండు వైపులా పై భాగాల్లో మచ్చలు కనిపించాయని ఒకచోట టీబీ మందులు మొదలుపెట్టారు. తెమడలో క్రిమి దొరకలేదు. అయినా ఆరు నెలల కోర్సు పూర్తయింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ అలాంటి ఎక్స్‌రే, మళ్లీ ఆరు నెలల కోర్సు. ఆ మందులు రాసినవాళ్లను నేను తప్పుపట్టను. మన దగ్గర పై భాగంలో మచ్చ అంటే ముందు టీబీయే గుర్తొస్తుంది. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తిలో టీబీ నిజంగానే ఎక్కువగా వస్తుంది. కానీ రెండు కోర్సుల్లోనూ ఆయన పని గురించి కాగితం మీద ఒక్క మాట లేదు. నేను అడిగినప్పుడు కూడా మొదట "కూలి పని సార్" అన్నారు. ఓపీ రద్దీలో చాలాసార్లు మనం అక్కడే ఆగిపోతాం. ఏం కూలి అని ఇంకోసారి అడిగితేనే "రాళ్ల ఫ్యాక్టరీల, గ్రైండర్ మీద" అని చెప్పారు.

మొదటిసారి చూసినప్పుడు

"మెట్లు ఎక్కితే దమ్ము వస్తుంది సార్. వడ్ల బస్తా లేపేటోణ్ని, ఇప్పుడు నీళ్ల బిందె మోయస్తలేదు" అన్నారు. హెచ్‌ఆర్‌సీటీలో, అంటే ఊపిరితిత్తిని సన్నని పొరలుగా చూపే సీటీ స్కాన్‌లో, పై లోబుల్లో (ఊపిరితిత్తి పై భాగాల్లో), ముఖ్యంగా వెనకవైపు, చిన్న చిన్న గుండ్లు గుంపుగా ఉన్నాయి. కొన్ని కలిసిపోయి గడ్డల్లా మారాయి. ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథుల చుట్టూ గుడ్డుపెంకులా సున్నం పేరుకుంది. ఇది సిలికోసిస్‌లో కనిపించే గుర్తు. తెమడలో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష నెగెటివ్, కల్చర్ కూడా నెగెటివ్. ఎఫ్‌వీసీ, అంటే బలంగా ఊదినప్పుడు బయటికి వచ్చే మొత్తం గాలి, ఆయన వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దానిలో 68 శాతం. ఆరు నిమిషాలు నడిస్తే ఆక్సిజన్ 96 నుంచి 91కి దిగింది.

సిలికోసిస్ అని రాశాను. ఆ మాట తప్పు కాదు. కానీ రేడియాలజిస్ట్ రిపోర్టు చివరి వరుసలో ఇంకో సంగతి ఉంది: కింది లోబుల్లో వెనకవైపు పలుచని మసక, సన్నని వల లాంటి గీతలు. ఆ వరుస చదివాను, పక్కన టిక్ కూడా పెట్టాను. ఇప్పుడు ఫైలు తెరిస్తే ఆ టిక్ కనిపిస్తుంది. పై భాగంలో అంత స్పష్టమైన రోగం కనిపిస్తున్నప్పుడు కింద ఉన్న ఆ కొంచెం మసకకు విలువ ఇవ్వలేదు. మామూలు సిలికోసిస్ పైనే మొదలవుతుంది, పైనే ముదురుతుంది. కింద మొదలయ్యేది వేరే జబ్బు కావచ్చని ఆ రోజే ఆలోచించాల్సింది.

ఫ్యాక్టరీ మానెయ్యమన్నాను. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వేయించాను. శ్వాసగొట్టాలు కొంత బిగుసుకున్నట్టు ఉండటంతో ఇన్‌హేలర్ ఇచ్చాను. మూడు నెలలకోసారి రమ్మన్నాను.

చేసినవి, ఫలించనివి

ఎనిమిది నెలల్లో ఎఫ్‌వీసీ 68 నుంచి 59కి పడింది. గాలిలోంచి రక్తంలోకి వాయువులు ఎంత బాగా చేరుతున్నాయో చెప్పే డీఎల్‌సీఓ 44 శాతమే ఉంది. నడిస్తే ఆక్సిజన్ 86కి దిగుతోంది. వీపు కింది భాగంలో స్టెత్ పెడితే శ్వాస పీల్చినప్పుడల్లా వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చప్పుడు. రెండో హెచ్‌ఆర్‌సీటీలో పై గడ్డలు పెద్దగా మారలేదు. కింది మసక మాత్రం రెట్టింపు అయింది.

మసక అంటే వాపు, వాపు అంటే స్టెరాయిడ్ పనిచేయవచ్చు అనుకున్నాను. ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడటాన్ని ఫైబ్రోసిస్ అంటాం, స్టెరాయిడ్ అన్ని ఫైబ్రోసిస్‌లకూ మందు కాదని నాకు తెలుసు. కారణం తెలియని ఫైబ్రోసిస్, అంటే ఐపీఎఫ్‌లో ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇస్తే మరణాలు, ఆసుపత్రి పాలవడం పెరిగాయని 2012లో అమెరికా ట్రయల్ తేల్చింది. ఇది ఐపీఎఫ్ కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని రోజుకు 30 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాను. పది వారాల తర్వాత ఎఫ్‌వీసీ 58. షుగర్ 240 దాటింది. ముఖం ఉబ్బింది. మెల్లగా తగ్గిస్తూ ఆపేశాను. ఆ స్టెరాయిడ్ పనిచేయకపోవడం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, అది కింద చెబుతాను.

దుమ్ము మానేశారు, టీబీ లేదు, మందు పనిచేయలేదు. మరి ఎందుకు ముదురుతోంది? అప్పటికే సిలికా, డీఎన్‌ఏ, ఇమ్యూనిటీ గురించిన పరిశోధనలు ఆసక్తిగా చదువుతున్నాను. లోపల మిగిలిపోయిన సిలికాయే మంటను రగిలిస్తోందని ఒక వివరణ మనసులో సిద్ధంగా ఉంది. ఆ వివరణ బాగుండటం వల్లే అడగాల్సిన మామూలు ప్రశ్న ఆలస్యంగా అడిగాను.

"ఇప్పుడు ఏం పని చేస్తున్నారు?"

ఆయన మాట్లాడలేదు. భార్య చెప్పింది: "ఫ్యాక్టరీ బంద్ చేసిండు సార్. కంకర మిషన్ కాడ వే బ్రిడ్జి మీద కూసుంటుండు. లారీల లెక్క రాస్తడు."

ఆయన నాతో అబద్ధం ఆడలేదు. నేను ఫ్యాక్టరీ మానెయ్యమన్నాను, మానేశారు. క్రషర్ గేటు దగ్గర కూర్చోవడం ఆయన దృష్టిలో దుమ్ము పని కాదు, కుర్చీ పని. రోజుకు ముప్పై, నలభై లారీల కంకర ఆయన ముందు నుంచే పోతోంది. నా సలహాలో ఏం మానాలో ఉంది గానీ, మానేశాక ఇల్లెలా గడవాలో లేదు. ఇద్దరు పిల్లల చదువు నడుస్తున్న ఇంట్లో ఆ రెండోదే పెద్ద ప్రశ్న. ఆ రోజు నుంచి "దుమ్ము మానేశారా?" అని అడగడం మానేశాను. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి దాకా ఎక్కడెక్కడ ఉంటారో చెప్పించుకుంటున్నాను.

చేతులు చూసిన రోజు

ఆయన వే బ్రిడ్జి మానేసి, భార్య తమ్ముడి కిరాణా కొట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. అది జనవరి. మా వైపు సంక్రాంతి పొద్దుల్లో చలి గట్టిగానే ఉంటుంది. ఓపీ గదిలోకి వస్తూ చేతులు చంకల్లో పెట్టుకుని వచ్చారు. ఆక్సిమీటర్ పెడదామని వేలు పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. రీడింగ్ రావట్లేదు. వేలి కొసలు తెల్లగా, వాటి వెనక నీలంగా ఉన్నాయి.

"సల్ల నీళ్లల్ల చెయ్యి పెడితే సచ్చినట్టయితయి సార్, రెండేండ్ల సంది" అన్నారు. పెళ్లినాటి ఉంగరం తీయరాక కోసి తీయించుకున్నారట. వేళ్ల చర్మం చిటికెలో పట్టుకుంటే పైకి రావట్లేదు. రాత్రి పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు. వీటిలో ఒక్కటి కూడా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్లు చేతుల గురించి ఎందుకు చెబుతారు?

గోరు మొదట్లోని సన్నని రక్తనాళాలను డెర్మోస్కోప్‌తో చూస్తే కొన్ని ఉబ్బి ఉన్నాయి, కొన్నిచోట్ల నాళాలే లేవు. సొంత కణాల కేంద్రకాల మీద తయారయ్యే యాంటీబాడీలను వెతికే ఏఎన్‌ఏ పరీక్ష గట్టిగా పాజిటివ్. ఎస్‌సీఎల్-70 యాంటీబాడీ పాజిటివ్. సిస్టమిక్ స్క్లెరోసిస్, మామూలుగా స్క్లెరోడెర్మా అంటాం: శరీర రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడి చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు. సిలికాకు గురైనవాళ్లలో ఈ జబ్బు వస్తే ఎరాస్మస్ సిండ్రోమ్ అంటారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో దీన్ని 1957లో ఎరాస్మస్ వివరించారు. అంతకంటే ముందే, 1914లో, ఎడిన్‌బరోలో బ్రామ్‌వెల్ అనే వైద్యుడు రాళ్లు చెక్కేవాళ్లలో స్క్లెరోడెర్మా ఎక్కువగా ఉందని గమనించారు. వంద దాటిన ఏళ్లుగా తెలిసిన సంగతి, రాతిపనితో నిండిన మన ప్రాంతంలో నాకు వెంటనే తట్టలేదు.

పైన వదిలేసిన స్టెరాయిడ్ సంగతి ఇక్కడ చెప్పాలి. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకు రోజుకు 15 మి.గ్రా. దాటిన ప్రెడ్నిసొలోన్ కిడ్నీల మీద అకస్మాత్తుగా పెద్ద దెబ్బ తీయవచ్చు, బీపీ ఒక్కసారిగా పెరిగి కిడ్నీలు ఆగిపోవచ్చు. ఆయనకు 30 మి.గ్రా. పది వారాలు ఇచ్చాను. కిడ్నీలు నిలబడ్డాయి. చేతులు చూడకుండా ఫైబ్రోసిస్‌కు స్టెరాయిడ్ రాయడం ఆ రోజుతో ఆపేశాను.

సిలికా, డీఎన్‌ఏ, కావలి

ఊపిరితిత్తి, చర్మం, వేళ్ల రక్తనాళాలు, వీటన్నిటినీ ఒకే దుమ్ము ఎలా దెబ్బతీసింది? ఈ కేసు నాకు నేర్పినదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది.

మన కణంలో డీఎన్‌ఏ కేంద్రకంలో ఉంటుంది, కొంచెం మైటోకాండ్రియాలో ఉంటుంది. వీటి బయట, కణద్రవంలో, డీఎన్‌ఏ ఉండకూడదు. ఉంటే ఏదో వైరస్సో బ్యాక్టీరియానో లోపలికి వచ్చి ఉండాలి, లేదా లోపల ఏదో పగిలి ఉండాలి. దాన్ని పసిగట్టే ప్రొటీన్ సీగ్యాస్. ఇది 2013లో అమెరికాలోని డాలస్‌లో జిజియాన్ చెన్ బృందం కనుగొన్నది. సీగ్యాస్ డీఎన్‌ఏను పట్టుకోగానే సీగ్యాంప్ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. అది వెళ్లి స్టింగ్ అనే ఇంకో ప్రొటీన్‌ను లేపుతుంది. స్టింగ్ లేచిందంటే ఇంటర్‌ఫెరాన్ జన్యువులు తెరుచుకుంటాయి, చుట్టుపక్కల కణాలన్నిటికీ ప్రమాద సంకేతం పోతుంది.

సీగ్యాస్ ఆ డీఎన్‌ఏలోని అక్షరాలు చదవదు. ఎవరి డీఎన్‌ఏ అన్నది దానికి పట్టదు. ఎక్కడ ఉంది, ఎంత పొడుగుంది అన్నదే చూస్తుంది. ఆయన కొడుక్కి ఇలా చెప్పాను: రాత్రి చేనులో దీపం కదిలితే కావలి మనిషి కేకేస్తాడు. ఆ దీపం పట్టుకున్నది దొంగా, చేను ఆసామా అని దూరం నుంచి తెలియదు. ఆ వేళప్పుడు అక్కడ దీపం ఉండకూడదు, అంతే.

ఇప్పుడు సిలికా. గాలిగదిలోకి చేరిన సన్న రేణువును మాక్రోఫేజ్ కణం మింగుతుంది. బ్యాక్టీరియానైతే అరిగించేస్తుంది, రాతిని అరిగించలేదు. రేణువును పెట్టుకున్న సంచి చిరుగుతుంది, మైటోకాండ్రియా దెబ్బతింటుంది, కణం చచ్చిపోతుంది. దానిలోని డీఎన్‌ఏ బయట పడుతుంది, రాయి మాత్రం అలాగే మిగులుతుంది. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి ఆ రాయిని మింగుతుంది. ఒక్క రేణువు ఇలా ఎన్ని కణాలనైనా చంపగలదు. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల్లో చూపించింది ఇదే: సిలికా వల్ల చచ్చిన కణాల డీఎన్‌ఏ స్టింగ్‌ను లేపుతోంది, స్టింగ్ లేని ఎలుకల్లో వాపు తక్కువగా ఉంది, బయటపడ్డ డీఎన్‌ఏను కత్తిరించే డీఎన్‌ఏస్ ఎంజైమ్ ఇస్తే స్టింగ్ అంతగా లేవలేదు. సిలికోసిస్ ఉన్న మనుషుల రక్తంలోనూ ఈ డీఎన్‌ఏ ముక్కలు ఎక్కువగా కనిపించాయి.

దుమ్ము ఆగినా రోగం ఆగకపోవడం దీంతో కొంత అర్థమవుతుంది. చర్మం, వేళ్ల సంగతి కూడా. ఇంటర్‌ఫెరాన్ నెలల తరబడి మోగుతూ ఉంటే, యాంటీబాడీలు తయారుచేసే కణాలు కూడా మేల్కొంటాయి. వాటి ముందు చచ్చిన కణాల కేంద్రకాల శిథిలాలు పడి ఉంటాయి. ఈయన రక్తంలో దొరికిన ఎస్‌సీఎల్-70 యాంటీబాడీ దేనిమీదో చూడండి: టోపోఐసోమరేజ్ 1 అనే ఎంజైమ్ మీద. కేంద్రకంలో డీఎన్‌ఏ మెలికలు విప్పేది అదే. స్క్లెరోడెర్మా పేషెంట్లలో చాలామంది రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ఆనవాళ్లు ఉంటాయన్నదీ తెలిసిన విషయమే. ఈ గొలుసులో కొన్ని లింకులు ప్రయోగాల్లో తేలినవి, కొన్నిటిని కలిపింది నేను. కానీ ఒక్క మనిషిలో ఈ జబ్బులన్నీ ఎందుకు కలిసి ఉన్నాయో ఆలోచించడానికి నాకు పనికొచ్చిన వివరణ ఇదే.

కొడుకు అడిగిన మందు

కొడుకు బీఫార్మసీ చదువుతున్నాడు. ఇదంతా విని నాలుగు రోజుల తర్వాత ప్రింటవుట్లతో వచ్చాడు. "సార్, స్టింగ్‌ను ఆపే మందు లేదా? లేకుంటే ఇంటర్‌ఫెరాన్ సిగ్నల్‌ను కింద ఆపే టోఫాసిటినిబ్ ఇవ్వొచ్చు కదా?" అన్నాడు. పుట్టుకతోనే స్టింగ్ ఆగకుండా మోగే పిల్లలు ఉన్నారని చదివాడు. అది నిజమే. సావి అనే ఆ జబ్బును 2014లో వివరించారు. ఆ పసిపిల్లల్లో చర్మపు నాళాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తులు గట్టిపడతాయి, వాళ్లకు టోఫాసిటినిబ్ కుటుంబంలోని జేఏకే ఇన్హిబిటర్లు ఇస్తున్నారు. ఆ అబ్బాయి వాదనలో తర్కం ఉంది. అందుకే అరగంట కూర్చోబెట్టుకుని, ఎందుకు వద్దంటున్నానో చెప్పాను.

స్టింగ్‌ను నేరుగా ఆపే మందు ఏ జబ్బుకూ ఆమోదం పొందలేదు. టోఫాసిటినిబ్ కీళ్లవాతానికి వాడతాం, స్క్లెరోడెర్మా ఊపిరితిత్తులకు అది ఆమోదం ఉన్న మందు కాదు. సావి పిల్లల్లో లోపం ఒకే జన్యువులో ఉంది. ఈయనలో స్టింగ్ జన్యువు మామూలుదే అనుకోవాలి, దాన్ని లేపుతున్నది రాయి.

రెండో కారణం నన్ను ఎక్కువ ఆపింది. క్షయ క్రిమి మాక్రోఫేజ్‌లో చేరినప్పుడు దాని డీఎన్‌ఏను పసిగట్టే కావలి ప్రొటీన్లలో సీగ్యాస్ కూడా ఒకటని 2015లో తేలింది. అంటే ఈయన ఊపిరితిత్తిలో అనవసరంగా మోగుతున్న గంట, రేపు టీబీ వస్తే మోగాల్సిన గంట, ఒకటే. టోఫాసిటినిబ్‌తో టీబీ లేస్తుందని ఆ మందు హెచ్చరికల్లోనే ఉంది. సిలికా ఉన్న ఊపిరితిత్తి, టీబీ ఎక్కువగా ఉన్న దేశం, పైన జేఏకే ఇన్హిబిటర్. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే ధైర్యం నాకు లేదు.

మూడోది, ఎలుకల ఫలితాలే ఒక మాట మీద లేవు. సిలికా ఇచ్చిన ఎలుకల్లో స్టింగ్ తీసేస్తే మేలు జరిగింది. బ్లియోమైసిన్ మందుతో ఫైబ్రోసిస్ తెప్పించిన ఎలుకల్లో స్టింగ్ తీసేస్తే, 2021లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఫైబ్రోసిస్ ఇంకా ఎక్కువైంది. అక్కడ స్టింగ్ కాపాడుతోంది. మన పేషెంటు ఊపిరితిత్తి పై భాగం సిలికా ఎలుకలా, కింది భాగం ఇంకోలా ప్రవర్తిస్తే ఏ ఫలితాన్ని నమ్మాలి?

అబ్బాయి కాసేపు ఆలోచించి, "అంటే, కారణం తెలిసినా దాన్నే కొట్టలేం" అన్నాడు. ఇప్పటికి అంతే అన్నాను. మనుషుల మీద పరీక్షించిన మందులు రెండు ఉన్నాయి, అవి మొదలుపెడదాం అన్నాను.

ఏ వరుసలో, ఎందుకు

మొదటిది రోగనిరోధకాన్ని తగ్గించే మైకోఫెనొలేట్. స్క్లెరోడెర్మా ఊపిరితిత్తుల్లో ఇది సైక్లోఫాస్ఫమైడ్‌తో సమానంగా పనిచేసిందని, శరీరం దీన్ని మెరుగ్గా తట్టుకుందని 2016 ట్రయల్‌లో తేలింది. రెండోది నింటెడానిబ్. 2019 ట్రయల్‌లో డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లకు ఏడాదికి ఎఫ్‌వీసీ 93 మి.లీ. తగ్గితే, ఈ మందు వేసుకున్నవాళ్లకు 52 మి.లీ. తగ్గింది. చర్మం బిగుతు మీద దాని ప్రభావం కనిపించలేదు. మచ్చను ఇది కరిగించదు, కట్టే వేగాన్ని తగ్గిస్తుంది. ఈ మాట కుటుంబానికి ముందే చెప్పాను, ఎందుకంటే ఖరీదైన మందు వేసుకుంటూ ఆయాసం తగ్గలేదని మధ్యలో మానేసినవాళ్లను చూశాను.

వాటికంటే ముందు టీబీ లెక్క తేలాలి. బ్రాంకోస్కోపీ చేసి, ఊపిరితిత్తి లోపల కడిగి తీసిన నీటిని కల్చర్‌కు పంపాం. ఆరు వారాలు ఆగాం, ఏమీ పెరగలేదు. టీబీ క్రిమి శరీరంలో దాగి ఉందా అని చూసే రక్తపరీక్ష, ఐజీఆర్ఏ, పాజిటివ్. రెండు కోర్సులు వాడారు కదా, మళ్లీ నివారణ మందు ఎందుకని అడిగారు. ఆ కోర్సుల తర్వాత కూడా ఆయన ఇదే ఊళ్లో, ఇదే గాలిలో ఉన్నారు, ఇప్పుడు రోగనిరోధకాన్ని తగ్గించే మందు వేయబోతున్నాం. సిలికోసిస్ ఉన్నవాళ్లను, ఇలాంటి మందులు మొదలుపెట్టేవాళ్లను టీబీ నివారణకు పరీక్షించాలని మన జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

వారానికోసారి వేసే మూడు నెలల కోర్సు సులువు. కానీ అందులోని రిఫాపెంటిన్ రిఫాంపిసిన్ కుటుంబంలోది. రిఫాంపిసిన్ నింటెడానిబ్‌ను రక్తంలో సుమారు సగానికి తగ్గిస్తుంది, మైకోఫెనొలేట్‌నూ తగ్గిస్తుంది. అందుకే రోజూ ఐసోనియాజిడ్, బీ6తో ఆరు నెలలు ఎంచుకున్నాం. ఐసోనియాజిడ్, నింటెడానిబ్ రెండూ లివర్‌ను ఇబ్బంది పెట్టగలవు. మైకోఫెనొలేట్, నింటెడానిబ్ రెండూ విరేచనాలు తెప్పిస్తాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది ఏం చేసిందో తెలియదు. ముందు ఐసోనియాజిడ్, నెల తర్వాత మైకోఫెనొలేట్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజుకు 2 గ్రాముల దాకా పెంచాం. అది కుదురుకున్నాక, మూడో నెలలో నింటెడానిబ్.

అయినా నింటెడానిబ్ 150 మి.గ్రా. రెండు పూటలా మొదలైన రెండో వారంలో రోజుకు ఆరేడు విరేచనాలు. మందు మొదలుపెట్టిన క్రమం తెలుసు కాబట్టి దేన్ని తగ్గించాలో తడుముకోలేదు. వారం ఆపి, 100 మి.గ్రా.తో మళ్లీ మొదలుపెట్టాం. పెరుగన్నం, లోపెరమైడ్‌తో నెమ్మదించింది. వేళ్లకు నిఫెడిపిన్, గుండెల్లో మంటకు పాంటాప్రజోల్, మంచం తలవైపు ఇటుకలు. ఇంట్లో బీపీ మిషన్ పెట్టించి రాయమన్నాను. ఆ నోటు పుస్తకం భార్య ఒక్కరోజు కూడా తప్పకుండా రాస్తోంది.

ఏం మారింది

పద్నాలుగు నెలలైంది. ఎఫ్‌వీసీ 58 నుంచి 60. డీఎల్‌సీఓ 43. ఆరు నిమిషాల నడక 310 మీటర్ల నుంచి 365కి పెరిగింది, ఆక్సిజన్ 89 దగ్గర ఆగుతోంది. కింది మసక కొంత తగ్గింది, వలలా ఉన్న గీతలు తగ్గలేదు. పై గడ్డలు ఎక్కడివక్కడే. గుండె ఎకోలో ఊపిరితిత్తుల రక్తపోటు ఇప్పటికి మామూలుగానే ఉంది.

ఇందులో ఏది ఏ మందు వల్ల వచ్చిందో విడదీసి చెప్పలేను. కొట్లో కూర్చోవడం వల్ల ఎంత, మైకోఫెనొలేట్ వల్ల ఎంత? నా అంచనా అడిగితే దుమ్ము నిజంగా ఆగడానికే పెద్ద వాటా ఇస్తాను. డీఎన్‌ఏ కథ ఎంత లోతైనదైనా, కొత్త రాయి లోపలికి రానివ్వకపోవడం అన్నిటికంటే పైనున్న మెట్టు.

సిలికోసిస్ చట్టప్రకారం నోటిఫై చేయాల్సిన జబ్బు. గుర్తించిన డాక్టర్ సంబంధిత ప్రభుత్వ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ కేసుతో ఆ ఫారం నింపడం మా ఓపీలో అలవాటుగా మారింది. ఆయన పరిహారం ఫైలు నడుస్తోంది. పాత హాజరు కాగితాలు లేక సాగుతోంది.

మా దగ్గర మారిన ఇంకో సంగతి: సిలికోసిస్ అని రాసిన ప్రతి ఫైలులో ఇప్పుడు నాలుగు మాటలు అదనంగా ఉంటాయి. చలికి వేళ్లు తెల్లబడతాయా, ఉంగరం బిగుసుకుందా, గుండెల్లో మంట ఉందా, కింది లోబుల్లో ఏముంది. ఈ ఏడాదిలో ఇంకొకరికి వేళ్లు తెల్లబడుతున్నాయని తెలిసింది. ఆయన ఎఫ్‌వీసీ ఇంకా 80 పైనే ఉంది.

పోయిన నెల ఈయన తన పాత షెడ్డులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. ఒకడికి ఇరవై నాలుగు, ఒకడికి ముప్పై. ఇద్దరికీ దగ్గు కూడా లేదు. చిన్నవాడి ఎక్స్‌రే బాగుంది. పెద్దవాడి ఎక్స్‌రేలో పై భాగంలో సన్నని చుక్కలు మొదలయ్యాయి. ఈయనే ఆ ఫిల్మ్ తీసుకుని కిటికీ వెలుగుకు పట్టి, "గీడనుంచే షురువైంది నాది" అని వాడికి చూపించారు. వాడి చేతులు చూశాను, వెచ్చగానే ఉన్నాయి. సీటీకి తేదీ ఇచ్చాం.